ఏడు నిమిషాల నవ్వు - దాని వెనక చేతులు

గత సంవత్సరం బాలల దినోత్సవం నాడు మా బడిలో ఉపన్యాసాలు, మిఠాయిలు అయిపోయాక ఇంకో గంట సమయం మిగిలింది. తరగతి గదిలోని తెర మీద ‘టామ్ అండ్ జెర్రీ’ పాత కార్టూన్లు మూడు వేశాం. చూస్తున్నవాళ్లు ఏడో తరగతి పిల్లలు. సగానికి పైగా కూలిపనుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. పిల్లి గోడకు గుద్దుకుని అప్పడంలా పల్చబడిపోయి, మరుక్షణం ఒళ్లు విదిలించుకుని లేచేసరికి గది గదంతా ఘొల్లుమంది. వెనక బల్ల మీది పిల్లవాడొకడు “సార్, ఆ పిల్లి చావదా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే పక్కవాడు “చస్తే మళ్లీ ఆట ఎట్లా రా?” అన్నాడు.

నా పక్కన కూర్చున్న సహోపాధ్యాయుడికి ఇది నచ్చలేదు. “ఒకణ్ణొకడు కొట్టుకుంటుంటే నవ్వటం నేర్పుతున్నామా మాస్టారూ?” అన్నాడు. సాయంత్రం ఈ సంగతి చెబితే సాహిత్యోద్యమ మిత్రుడొకడు మరో రకంగా తీర్పు ఇచ్చాడు. అది అమెరికన్ సాంస్కృతిక దాడి, మన పిల్లల చేతికి మనమే అందించకూడదు అన్నాడు. ఒకరిది నీతి, మరొకరిది రాజకీయం. రెండింటిలోనూ కొంత నిజం వుంది. అయితే ఇద్దరూ ఒక ప్రశ్న వెయ్యలేదు. ఈ బొమ్మలు ఎవరు గీశారు, ఏ పరిస్థితుల్లో గీశారు, వాటిని చూసి మొదట నవ్విన జనం ఎవరు? ఏ కళారూపాన్నయినా దాని చారిత్రక సందర్భంలో పెట్టి చూడాలని మనం నిత్యం చెప్పుకుంటాం. కార్టూన్ విషయానికి వచ్చేసరికి, పిల్లల వ్యవహారం కదా అని ఆ నియమాన్ని పక్కన పెట్టేస్తాం.

కొట్టుకోవటం, పడిపోవటం, మళ్లీ లేవటం - ఈ హాస్యం కార్టూన్‌తో పుట్టింది కాదు. ఇంగ్లీషువాళ్లు దీన్ని స్లాప్‌స్టిక్ అంటారు. ఆ మాటే ఒక పనిముట్టు పేరు. ఇటలీలో పదహారో శతాబ్దం నుంచి సంతల్లో, వీధుల్లో ఆడిన కొమెడియా దెల్ ఆర్తే నాటకాల్లో విదూషకుడి చేతిలో రెండు పల్చటి చెక్కపలకలు కలిపిన కర్ర వుండేది. దానితో కొడితే చప్పుడు పెద్దగా వస్తుంది, దెబ్బ మాత్రం తగలదు. ఈ హాస్యపు కీలకమంతా ఆ కర్రలోనే వుంది. మన తోలుబొమ్మలాటలో రామరావణుల కథ నడుమ దూరివచ్చి తన్నుకునే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు గుర్తుకు రావటం లేదా? అక్కడ కూడా తెర వెనక ఆటగాళ్లు కాలికింద చెక్కలు టపటపలాడించి దెబ్బల చప్పుడు పుట్టిస్తారు. ఒకదాని నుంచి ఒకటి వచ్చిందని నేను అనటం లేదు. పెద్ద కథల్లో చోటు దొరకని జనం తమ నవ్వుకోసం ఎక్కడికక్కడ ఇటువంటి పాత్రల్ని తయారుచేసుకున్నారన్నదే నేను చెప్పదలచింది.

సినిమా వచ్చాక ఆ కర్ర అమెరికా మూకీ చిత్రాల చేతికి చిక్కింది. లండన్ పేదరికంలో పెరిగి, మ్యూజిక్ హాలు రంగస్థలం మీద పడటమూ లేవటమూ నేర్చుకున్న చాప్లిన్, చిన్నప్పటి నుంచే తల్లిదండ్రులతో వేదిక ఎక్కిన బస్టర్ కీటన్ దాన్ని శిఖరానికి తీసుకుపోయారు. 1927 తర్వాత టాకీలు వచ్చాయి. మాట వచ్చేసరికి దేహం వెనక్కి తగ్గింది. సరిగ్గా అప్పుడే ఆ వారసత్వం బొమ్మలకు సంక్రమించింది. 1928 నవంబరు 18న న్యూయార్కులో విడుదలైన ‘స్టీమ్‌బోట్ విల్లీ’లో మిక్కీ మౌస్ చేసే ప్రతి కదలికా సంగీతపు తాళానికి ముడిపడి వుంటుంది. మనిషి దేహం ఎంత సాగినా ఒక హద్దు వుంది. గీతకు ఆ హద్దు లేదు. అది సాగుతుంది, నలుగుతుంది, ముక్కలవుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ డిస్నీ బొమ్మల్ని గురించి 1940 ప్రాంతాల్లో రాసుకున్న వ్యాసాల్లో ఈ గుణాన్నే మెచ్చుకున్నాడు. మనుషుల్ని గళ్లలో బిగించి వుంచే సమాజంలో ఏ రూపమైనా ధరించగల బొమ్మ ఒక విముక్తిలా కనిపిస్తుందని ఆయన భావం.

ఆ విముక్తిని ఎవరు కోరుకున్నారు? 1929 ఆర్థిక మాంద్యం తర్వాత అమెరికాలో కోటిమందికి పైగా పని లేకుండా పోయింది. సినిమా టిక్కెట్టుతో అసలు చిత్రం, వార్తాచిత్రం, ఒక కార్టూన్ కలిపి చూపించేవాళ్లు. ఇవి పిల్లలకోసం తీసినవి కావు. పని దొరకని మనిషీ, పని పోతుందేమోనని భయపడే మనిషీ అదే చీకట్లో పక్కపక్కన కూర్చుని నవ్వారు. 1933లో డిస్నీ తీసిన ‘మూడు పందిపిల్లలు’ దేశమంతా ఊగించింది. తోడేలును మాంద్యంతో పోల్చుకుని జనం ధైర్యం తెచ్చుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. కాని అదే చిత్రంలో తోడేలు యూదు వ్యాపారి వేషం వేసుకుని తలుపు తడుతుంది. యూరపులో హిట్లర్ అధికారానికి వచ్చిన సంవత్సరం అది. తర్వాతి కాలంలో ఆ దృశ్యాన్ని మార్చారు. ధైర్యమూ ద్వేషమూ ఒకే ఏడు నిమిషాల్లో ఇమిడి వున్నాయి. ఈ వైరుధ్యాన్ని వదిలేసి కార్టూన్ గురించి మాట్లాడటం కుదరదు.

ఇక ఆ ఏడు నిమిషాలు ఎట్లా తయారవుతాయో చూద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఏడు నిమిషాలంటే 10,080 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా వేల బొమ్మలు గియ్యాలి. దర్శకుడు పిల్లి ఎన్నో ఫ్రేములో ఆగాలో, ఎన్నో ఫ్రేములో పడాలో సంగీతపు లెక్కలో ముందే రాసి ఇస్తాడు. ప్రధాన చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు గీస్తాడు. వాటి మధ్య బొమ్మలన్నీ తక్కువ జీతపు కుర్రవాళ్లు పూరిస్తారు. ఆ తర్వాత వందలాది ఆడవాళ్లు ఆ పెన్సిలు గీతల్ని పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీదికి సిరాతో ఎక్కించి, వెనకవైపు రంగులు పూస్తారు. 1938లో డిస్నీ సంస్థ ఉద్యోగం అడిగిన ఒక యువతికి పంపిన జవాబు తర్వాతి కాలంలో బయటపడింది. సృజనాత్మకమైన పని యువకులదే, ఆడపిల్లలకు సిరా, రంగుల పని తప్ప మరొకటి లేదన్నది దాని సారాంశం. చిత్రీకరణ అయిపోగానే అనేక స్టూడియోల్లో ఆ రేకుల్ని కడిగి మళ్లీ వాడుకునేవాళ్లు. అంటే ఆ ఆడవాళ్ల చేతిపని పొదుపు పేరుతో మోరీలోకి పోయింది.

పేర్ల సంగతి కూడా ఇంతే. ఫెలిక్స్ పిల్లిని నడిపించిన ఆటో మెస్మర్ పేరు ఏళ్ల తరబడి జనానికి తెలియదు. తెరమీద యజమాని పాట్ సలివాన్ పేరే కనిపించేది. 1930 దశకంలో డిస్నీ చిన్న చిత్రాల మీద దాదాపు ఎప్పుడూ ఒక్క వాల్ట్ డిస్నీ పేరే వుండేది. టామ్ అండ్ జెర్రీ తొలి చిత్రం 1940లో వచ్చినప్పుడు దాన్ని తీసిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాల పేర్లే దాని మీద లేవు. తర్వాత ఆ చిత్రాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. వేదిక ఎక్కి వాటిని అందుకున్నది నిర్మాత ఫ్రెడ్ క్విమ్బీ. తెరమీద పిల్లి పెట్టే కేక విలియం హన్నా సొంత గొంతు అని ఆ సభల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఈ పరిస్థితిని కార్మికులు మౌనంగా భరించలేదు. 1937 మేలో న్యూయార్కులోని ఫ్లీషర్ స్టూడియోలో సమ్మె మొదలైంది. పోపై, బెట్టీ బూప్ అక్కడివే. అయిదు నెలల పోరాటం తర్వాత యాజమాన్యం సంఘాన్ని గుర్తించక తప్పలేదు. మరుసటి ఏడే అది స్టూడియోను కార్మికోద్యమం బలహీనంగా వున్న ఫ్లోరిడాలోని మయామీకి తరలించింది. మూటాముల్లె సర్దుకుని కూలి చవకైన చోటికి పోవటం పెట్టుబడికి కొత్త విద్య కాదు. 1941 మేలో వార్నర్ కార్టూన్ల నిర్మాత లియోన్ ష్లెసింజర్ ఆరు రోజులు లాకౌట్ చేసి చివరికి సంఘంతో ఒప్పందానికి వచ్చాడు. అదే నెలాఖరులో డిస్నీ సమ్మె మొదలైంది. గూఫీ పాత్రకు ప్రాణం పోసిన ఆర్ట్ బాబిట్, మంచి జీతం వున్నవాడే, కింది ఉద్యోగుల పక్షాన నిలబడినందుకు అతన్ని తొలగించారు. వందలాదిమంది బయటికి వచ్చారు. జీతాల్లో అన్యాయాలు తొలగించాలి, తెరమీద పేర్లు వెయ్యాలి, సంఘాన్ని గుర్తించాలి - ఇవీ వాళ్ల కోరికలు. ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో సంఘం గెలిచింది. యజమాని మాత్రం మరచిపోలేదు. 1947 అక్టోబరు 24న అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు వాల్ట్ డిస్నీ సాక్ష్యం చెబుతూ ఆ సమ్మె కమ్యూనిస్టుల పని అన్నాడు, డేవిడ్ హిల్బర్‌మన్ పేరు బయటపెట్టాడు. సమ్మె జరిగిన సంవత్సరమే విడుదలైన ‘డంబో’లో యజమాని దగ్గరికి జీతం పెంచమని అడగటానికి పోయే సర్కస్ విదూషకుల దృశ్యం ఒకటి వుంది. అది సమ్మెకారుల మీద ఎగతాళి అని చాలామంది భావించారు.

ఈ చరిత్ర తెలిశాక టామ్ అండ్ జెర్రీ తొలి చిత్రాన్ని మళ్లీ చూడండి. కథ చాలా చిన్నది. ఇంట్లో ఇంకొక్క వస్తువు పగిలిందా, నిన్ను బయటికి గెంటేస్తానని పనిమనిషి పిల్లిని హెచ్చరిస్తుంది. ఆ మాట ఎలుక వింటుంది. ఇక ఎలుక చేతిలో ఆయుధం కర్ర కాదు, పగిలే సామాను. ఎలుక దాన్ని ఎత్తి పట్టుకుంటే చాలు, పిల్లి కాళ్లు వణుకుతాయి. ఇది ఉద్యోగం వూడుతుందన్న భయం మీద కట్టిన హాస్యం. 1940లో ఆ హాల్లో కూర్చున్న మనిషికి దీన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. తను ఆ పిల్లి స్థానంలో ఎన్నిసార్లు నిలబడ్డాడో అతనికి తెలుసు. బయట తను మింగుకున్న భయాన్ని ఇక్కడ మరొకడు అనుభవిస్తుంటే పదిమందితో కలిసి బిగ్గరగా నవ్వగలిగాడు. ఈ చిత్రాల ఆకర్షణకు మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం. రెండోది, మా పిల్లవాడు అడిగిన ప్రశ్నలో వుంది. ఆ లోకంలో పడిన దేహం లేస్తుంది. కాలు విరిగితే నెల కూలి పోయే ఇంటివాళ్లకు, పరంజా మీంచి పడితే ఇంటికి రాని మనిషి ఇంటివాళ్లకు, లేచే దేహాన్ని చూడటం చిన్న సంతోషం కాదు.

ఈ నవ్వు మంచిదా చెడ్డదా అన్న వాదం మనతో మొదలైంది కాదు. 1930ల్లో ఇద్దరు జర్మన్ మార్క్సిస్టు మేధావుల మధ్యే అది నడిచింది. యంత్రయుగం మనుషుల్లో పోగుచేసే ఉన్మాదానికి జనం కలిసి నవ్వే నవ్వు టీకా లాంటిదని వాల్టర్ బెంజమిన్ తన కళావ్యాసపు తొలి రూపంలో రాశాడు. అందులో మిక్కీ మౌస్ ప్రస్తావన వుంది, తర్వాతి రూపంలో అది లేదు. అడార్నో దీన్ని అంగీకరించలేదు. సినిమా హాలు నవ్వులో విప్లవం లేదు, క్రూరత్వం వుంది అని ఆయన వాదం. తర్వాత హోర్క్‌హైమర్‌తో కలిసి రాసిన పుస్తకంలో, తెరమీద డోనాల్డ్ డక్ తన్నులు తినేది ప్రేక్షకుడు తన తన్నుల్ని అలవాటు చేసుకోవటానికేనని తేల్చాడు.

ఇద్దరిలో ఎవరు సరి? చిత్రాల్లోకి పోకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. 1950లో చక్ జోన్స్ తీసిన ‘హోమ్‌లెస్ హేర్’లో బగ్స్ బన్నీ కుందేలు బొరియ వున్న చోట ఆకాశహర్మ్యం కట్టటానికి వస్తారు. కుందేలు ఎదురు తిరుగుతుంది. చివరికి ఆ భవనం బొరియను తప్పించుకుని వంగి కట్టాల్సివస్తుంది. 1954లో రాబర్ట్ మెక్‌కిమ్సన్ తీసిన ‘నో పార్కింగ్ హేర్’లో పెద్ద రహదారి అదే విధంగా చీలిపోతుంది. నిర్వాసితుల దుఃఖం తెలిసిన మనకు ఇంతకంటే తియ్యటి కల ఏముంటుంది? ఇక్కడ బెంజమిన్ గెలిచాడనిపిస్తుంది. కాని జాగ్రత్తగా చూడండి. కుందేలు చేతిలో ఇటుకల దెబ్బలు తిన్నవాడు ఎవడు? భవనం కట్టించే కంపెనీ కాదు. తవ్వే యంత్రం నడిపే కూలివాడు! కంపెనీ అధిపతి ఆ ఫ్రేములోకి రానే రాడు. టామ్ అండ్ జెర్రీలోనూ అంతే. పిల్లిని గెంటేస్తానని బెదిరించేది పనిమనిషి, పళ్లేలు పగలగొట్టేది ఎలుక. ఆ ఇల్లు ఎవరిదో, ఆ పళ్లేలు ఎవరివో చిత్రం చెప్పదు. కిందివాళ్లు ముగ్గురూ ఒకరినొకరు కొట్టుకుంటుంటే పైవాడు తెర బయట క్షేమంగా వుంటాడు. అడార్నో అనుమానానికి ఆధారం ఇక్కడ వుంది.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, ఈ చిత్రాల్లో కష్టజీవి అనుభవం నిజంగానే వుంది. ఆ అనుభవానికి కారణమైనవాడు మాత్రం లేడు. స్టూడియో యజమాని డబ్బుతో, స్టూడియో కార్మికుడి చేత్తో తయారైన వస్తువులో ఇంతకంటే ఎక్కువ ఎట్లా ఇముడుతుంది? దెబ్బ రుచి తెలిసినవాళ్లు గీశారు గనక దెబ్బ నిజమనిపిస్తుంది. కొట్టేవాణ్ణి గీసే స్వేచ్ఛ వాళ్లకు లేదు. 1949 నుంచి చక్ జోన్స్, రచయిత మైకేల్ మాల్టీస్ నడిపిన కయోటీ చిత్రాల్లో ఒక్కసారి మాత్రం ఈ కంచె కొంచెం కదులుతుంది. ఆకలితో వున్న ఆ నక్క లాంటి జంతువు ఒక పక్షిని పట్టటానికి ‘ఆక్మీ’ కంపెనీ సరుకులు తెప్పించుకుంటుంది. రాకెట్టు, స్ప్రింగు, చక్రాల చెప్పులు అన్నీ దాన్నే ముంచుతాయి. అయినా మళ్లీ అదే కంపెనీకి ఆర్డరు పంపుతుంది. అప్పు మీద అప్పు చేసి నకిలీ విత్తనాలు కొనే రైతును ఎరిగిన మనకు ఈ నవ్వు గొంతులో కొంచెం అడ్డం పడుతుంది.

మరో చేదు నిజం దాచకూడదు. ఆ పనిమనిషి నల్లజాతి స్త్రీ. ఆమెకు దాదాపు ఎప్పుడూ ముఖం వుండదు. లావుపాటి కాళ్లు, చెప్పులు, చీపురు, వెక్కిరింతకు వీలైన యాస - ఇదే ఆమె. గొంతు ఇచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్ పేరు తెరమీద వెయ్యలేదు. నల్లజాతివారి సంస్థలు నిరసన తెలిపాయి. 1952 తర్వాత ఆ పాత్ర రాలేదు. బాంబు పేలి పిల్లి ముఖం మసిబారగానే నల్లవాడి వెక్కిరింతగా మారే దృశ్యాలు ఈ చిత్రాల్లో ఎన్ని వున్నాయో లెక్కే లేదు. 1968లో, అప్పటి హక్కుదారు యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ వార్నర్ కార్టూన్లలో పదకొండింటిని ఈ కారణంగానే ప్రదర్శన నుంచి తీసేసింది. తన శ్రమకు గుర్తింపు కోసం పోరాడిన కార్మికుడే తనకంటే కిందివాడి ముఖాన్ని చెరిపేశాడు. కులాల మెట్ల మీద బతుకుతున్న మనం ఇది చూసి అమెరికాను తిట్టి వూరుకుంటే సరిపోదు. మన సినిమా హాస్యంలో చెంపదెబ్బ ఎప్పుడూ ఎవరి మీద పడిందో ఒకసారి లెక్క వేసుకోవాలి.

ముగింపు కూడా చరిత్రే రాసింది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో పెద్ద స్టూడియోల గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసింది. సినిమాల్ని గుత్తగా అంటగట్టే పద్ధతి పోయింది. విడిగా డబ్బు పెట్టి కార్టూన్ కొనే హాలువాళ్లు తగ్గిపోయారు. టెలివిజన్ వచ్చింది. పాత కార్టూన్లనే తిరిగి వేస్తే కొత్తవాటితో సమానంగా డబ్బు వస్తుందని లెక్కలు చూసుకున్న ఎం.జి.ఎం. 1957లో తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. ఏడు ఆస్కార్లు దాన్ని కాపాడలేదు.

డిస్నీ సమ్మె నుంచి బయటికి వచ్చినవాళ్లు యు.పి.ఎ. అనే స్టూడియో పెట్టుకున్నారు. 1944లో మోటారు కార్మికుల సంఘం కోసం రూజ్వెల్ట్ ఎన్నికల ప్రచార చిత్రం, ఆ తర్వాత జాతి వివక్షకు వ్యతిరేకంగా మరో చిత్రం తీశారు. మొదటిదానికి దర్శకుడు చక్ జోన్సే. వీళ్లు తన్నులాట హాస్యాన్ని వదిలేసి, తక్కువ బొమ్మలతో, చదునైన రంగులతో కొత్త సౌందర్యాన్ని వెతికారు. వాళ్లలో ముఖ్యుడైన జాన్ హబ్లీని 1952లో నల్లజాబితా బయటికి తోసింది. వాళ్లు కళ కోసం తగ్గించిన బొమ్మల్ని టెలివిజన్ కంపెనీలు ఖర్చు కోసం తగ్గించాయి. అభ్యుదయవాదుల ప్రయోగం ఆ విధంగా యజమానుల పొదుపు సూత్రమయింది. 1961లో ఎం.జి.ఎం. టామ్ అండ్ జెర్రీ కొత్త చిత్రాల్ని చవగ్గా తీయించటానికి సోషలిస్టు చెకొస్లొవేకియాలోని ప్రాగ్ నగరానికి పంపింది. అక్కడ పదమూడు చిత్రాలు తయారయ్యాయి. చెక్ కళాకారుల పేర్లను తెరమీద అమెరికన్ పేర్లలా మార్చి వేశారు!

ఆ ప్రయాణం ప్రాగ్‌తో ఆగలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ పని ఆసియా నగరాలకు చేరింది, హైదరాబాదుకూ వచ్చింది. విదేశీ సంస్థల బొమ్మలకు కదలికలు పూరించే స్టూడియోలు ఇక్కడ వెలిశాయి. 2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ కూడా ఈ నగరపు చేతుల్లోంచి వచ్చిందే. ఆ గదుల్లో తెరల ముందు రాత్రిళ్లు కూర్చునే పిల్లలు మన బళ్లలో చదువుకున్నవాళ్లే. వాళ్ల పని గంటల గురించి, వాళ్ల పేర్ల గురించి మన పత్రికల్లో ఎవరైనా రాశారా?

నా మిత్రులిద్దరికీ నా జవాబు ఇది. పిల్లల నవ్వును ఆపాల్సిన అవసరం లేదు. ఆ నవ్వు దగ్గర మన పని మొదలవుతుంది. వచ్చే బాలల దినోత్సవానికి అదే తొలి చిత్రాన్ని మళ్లీ వేద్దామనుకుంటున్నాను. అయిపోయాక పిల్లల్ని రెండే ప్రశ్నలు అడుగుతాను. ఆ పళ్లేలు ఎవరివి? ఈ బొమ్మలు ఎవరు గీశారు? వెనక బల్ల మీది పిల్లవాడికి ఎనిమిదో తరగతి వచ్చింది. వాడు ఏం చెబుతాడో వినాలని వుంది.